ఎర్తు

రసీదు పుస్తకంలో ఇప్పటికీ ఉంది:
"మరియరత్నం పార్టీ. రెండు బాక్సులు, మూడు మైకులు.
అడ్వాన్సు నూటయాభై, బాకీ నాలుగొందలు."
ఆ బాకీ నేను కొట్టెయ్యలేదు. అడగనూ లేదు.

మొదటి ప్రోగ్రాం సఖినేటిపల్లిలో, పంటి దిగాక,
ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో.
వాళ్ల నాన్న డప్పుకి గడ్డి మంట చూపిస్తున్నాడు.
గిటారు చర్చిది. సన్నతీగ తెగిపోతే
గాలం తాడు కట్టుకొచ్చింది.
ప్లగ్గు పెట్టామో లేదో
గుయ్యిమని ఒకటే మోత.
మైకు పెదవికి తగిలి చురుక్కుమంది.
"అన్నా, ఇది నన్ను కరుస్తోంది" అంది.

బయటికెళ్లి గునపంతో మూరెడు తవ్వాను.
మా నేల సంగతి తెలుసుగా, మూరెడుకే తడి.
ఇనప రాడ్డు దిగ్గొట్టి, బొగ్గుపొడి, గుప్పెడు ఉప్పు వేసి
బిందెడు గోదారి పోశాను.
మోత ఆగింది.

ఆగిన చోట ఆ పిల్ల మొదలెట్టింది,
నర్సాపురం అరుగు మీద లేసు అల్లుతూ
వాళ్లమ్మ గొణుక్కునే లెక్క:
మూడు గొలుసులు, ఒక కన్ను వదులు.
మూడు గొలుసులు, ఒక కన్ను వదులు.
వదిలిన చోటల్లా డప్పు పడింది.
ఐసు దిమ్మెలు మోసేవాళ్లు
వీపుల మీద కరిగి కారిపోతున్నా
కదల్లేదండీ.

పాటలన్నీ గొప్పవనను. కొన్నిట్లో ప్రాస కుంటేది.
ఒకటి తాకట్టుకెళ్లిన సైకిలు మీద.
ఒకటి రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే
ఏరియేటర్ల మీద; తాళం కూడా వాటిదే.
ఒకటి ఎవరో కండక్టరు మీద,
ఎవరన్నది నాకు చెప్పలేదు.
క్యాసెట్టు నా కొట్టు వెనక గదిలోనే తీశాం,
గోడలకి బొంతలు కొట్టి.
అయినా రెండోవైపు చివరి పాటలో
పంటి ఇంజను దడదడా దాటిపోతుంది.

తర్వాత హైదరాబాదు.
కంపెనీవాళ్లు ఇంజను తీసేశారు.
కన్నుని కల చేశారు.
పేరులో మరియని తీసేశారు.
పోస్టరు మీద రత్న, జుట్టు విరబోసుకుని, వట్టికాళ్లతో.
ఎండుచేపలు ఆరేసిన ఇసకలో కూడా
చెప్పుల్లేకుండా నేనెప్పుడూ చూడలేదు ఆ పిల్లని.

పాలకొల్లు బస్సులో ఆ పాట నాలుగుసార్లొచ్చింది.
నాలుగుసార్లూ డ్రైవరు సౌండు పెంచాడు.
బాగానే ఉంది.
కన్ను వదలకుండా అల్లితే
లేసు కూడా బాగానే ఉంటుంది, గుడ్డలా.

ఒక రాత్రి రెండున్నరకి ఫోను.
"అన్నా, మళ్లీ గుయ్యిమంటోంది.
లక్షల సామాను, ముగ్గురు ఇంజనీర్లు, పోవట్లేదు."
"రాడ్డు దించమ్మా."
"ఇక్కడంతా రాయే అన్నా. జానెడు దిగదు."
"నీళ్లు పొయ్యి."
"పోశాను" అంది.
ఆ మోతే వింటూ కూచున్నాం చాలాసేపు.
ఎవరు ముందు పెట్టేశామో గుర్తులేదు.

మూడు ఆల్బములు. గొంతుకి ఒక ఆపరేషను.
గోవాలో ఏదో పెద్ద స్టేజీ, పేపర్లో తపాలాబిళ్లంత ఫొటో.
నాన్న పోయినప్పుడొచ్చి
డప్పు నా కొట్లో పెట్టి వెళ్లింది.
ముసుర్లకి తోలు సాగిపోతుంటే
నెలకోసారి ఎండలో పెడుతుంటాను.

మొన్న గురువారం పంటి దిగి వచ్చింది, చెప్పకుండా.
"ఒక బాక్సు, ఒక మైకు చాలు."
పేరు ఏం రాయమంటావంటే
"పాత బాకీలో కలుపు" అంది.

ఐసు ఫ్యాక్టరీ ఇప్పుడు రొయ్యల షెడ్డు.
షిఫ్టు మారే అరగంట. తెల్ల టోపీల ఆడాళ్లు,
గ్లవ్సు తియ్యడానికి టైము లేదు,
వాళ్ల చప్పట్లు తడిగుడ్డ పిండినట్టున్నాయి.
గొంతు పైకి పోవట్లేదు దానికి.
పోని చోట నోరు మూసుకుంటోంది,
డప్పు పడుతోంది. వాయించేది వలల దుర్గారావు కొడుకు,
రెండు దెబ్బలు తప్పు.

నేను బయట, రాడ్డు దగ్గర, నిండు చెంబుతో.
ఎండాకాలం, పై మట్టి బీటలేసింది.
మధ్యలో గుయ్యిమంది.
నేను చెంబు వంచేలోపే
ఆ మోతకి అరమెట్టు శ్రుతి దించి
అందులోకే పాడేసింది.

పొయ్యాలో వద్దో తెలీక
అలాగే నిలబడ్డాను.